నీరు పల్లానికి, అడవి మిట్టకు

కల్వకుర్తిలో ఎక్కిన శ్రీశైలం బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దాటింది. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్కన కుప్పలు పడ్డ టేకు ఆకులు బస్సు గాలికి లేచి, నాలుగడుగులు దొర్లి మళ్లీ ఆగిపోతున్నాయి. మా ముందు పోతున్న ట్రాక్టర్ నీళ్ల ట్యాంకర్‌ను లాక్కుంటూ రోడ్డు దిగి అడవిలోకి మట్టిబాట పట్టింది. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ అది కనుమరుగయ్యేదాకా చూసి నా వైపు తిరిగింది.

"గా ట్యాంకర్ అడివిలకెందుకు బిడ్డా?"

"జంతువులకు నీళ్లు పొయ్యనీకె, అవ్వా."

"కింద గంత కృష్ణమ్మ ఉండంగ, ఈటికి ట్యాంకర్ నీళ్లేంది?"

అడగాల్సిన ప్రశ్నే. ఒకవైపు శ్రీశైలం జలాశయం, మరోవైపు నాగార్జునసాగర్. ఈ రెండు పెద్ద చెరువుల నడుమ 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మ్యాపులో చూస్తే ఇంతకంటే నీటి వసతి ఉన్న అడవి తెలుగు నేల మీద మరొకటి ఉండదనిపిస్తుంది. ఎండాకాలం వస్తే మాత్రం అటవీ శాఖ ట్యాంకర్లు కట్టి నీళ్లు మోస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు నేల సంగతి, తర్వాత నీటి సంగతి, ఆపైన జంతువుల సంగతి చెప్పుకోవాలి. బస్సు దోమలపెంట చేరేలోపు అవ్వకు చెప్పగలిగినంత చెప్పాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మెట్లు మెట్లుగా నేల

కల్వకుర్తి చుట్టుపక్కల నేల మనకు తెలిసిందే. గుండ్రటి బండల గుట్టలు, మధ్యలో ఎర్ర చెలకలు, అక్కడక్కడ నల్లరేగడి, వాన పడితేనే పండే పత్తి, వేరుశనగ. ఇదంతా గ్రానైటు రాయి మీద నిలిచిన నేల. దక్షిణానికి పోతూ డిండి ప్రాజెక్టు దాటాక, హాజీపూర్ నుంచి ముందుకు సాగితే నేల తీరు మారుతుంది. గుండ్రటి గుట్టలు పోయి బల్లపరుపు కొండలు వస్తాయి. అంచులు గోడ కట్టినట్టు నిటారుగా ఉంటాయి. ఇవి క్వార్ట్‌జైట్ కొండలు. ఒకనాటి ఇసుక పొరలు గట్టిపడి రాయిగా మారి, పలకల మీద పలకలు పేర్చినట్టు నిలిచాయి. మన్ననూరు దగ్గర ఒక మెట్టు ఎక్కుతాం. ఫరహాబాద్ వైపు ఇంకో మెట్టు. అదే అమ్రాబాద్ పీఠభూమి.

ఆ పీఠభూమిని కృష్ణానది లక్షల ఏళ్లుగా కోసుకుంటూ పోయింది. కత్తితో కోసినట్టు లోతైన లోయ ఏర్పడింది. శ్రీశైలం డ్యామ్ కట్టింది ఆ లోయకు అడ్డంగానే. జలాశయం పూర్తిగా నిండితే నీటిమట్టం 885 అడుగులు, అంటే సముద్రమట్టం నుంచి దాదాపు 270 మీటర్లు. నల్లమల కొండల సగటు ఎత్తు 500 మీటర్లకు పైనే. నీళ్లు బావి అడుగున ఉన్నట్టు, అడవి బావి గట్టు మీద ఉన్నట్టు లెక్క. చేద లేదు, తాడు లేదు.

నీరు పల్లమెరుగు అంటారు కదా. ఆ మాట ఎంత నిజమో కల్వకుర్తి వాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు? మన తాలూకా పక్క నుంచే కృష్ణ పోతున్నా దశాబ్దాల పాటు మనవాళ్లు పనులు వెతుక్కుంటూ ముంబయి, పుణె, హైదరాబాద్ బస్సులెక్కారు. నది కింద, పొలం పైన ఉండటమే దానికి మూలం. చివరికి మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చింది. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో శ్రీశైలం వెనుక జలాలను తోడి ఒక మెట్టు ఎక్కిస్తారు, జొన్నలబొగుడ దగ్గర రెండో మెట్టు, గుడిపల్లిగట్టు దగ్గర మూడో మెట్టు. మూడు లక్షల ఎకరాలకు పైగా తడపాలన్నది లక్ష్యం. మన కాల్వల్లో పారేది ఆ జలాశయం నీరే.

ఇదంతా విన్న అవ్వ కాసేపు ఆలోచించి, "అంటే మనకు మోటార్లతోని ఎత్తి పోసినట్టు, ఈటికి ట్యాంకర్‌తోని ఎత్తి పోస్తున్రన్న మాట" అంది. సూటిగా చెప్పాలంటే అంతే. కాకపోతే పొలానికీ అడవికీ ఒక తేడా ఉంది. దాని దగ్గరికి వస్తాను.

చెరువు పుట్టిన కథ

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. డ్యామ్ ఎత్తు 145 మీటర్లు, గేట్లు 12. నీళ్లు నిలబెట్టే ముందు, 1981లో, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో నది ఒడ్డున ఉన్న వందకు పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. లక్షకు పైగా జనం ఇళ్లూ పొలాలూ వదిలి లేచారు. మునగబోయే గుళ్లను రాయి రాయిగా విప్పి, అంకెలు వేసి, వేరే చోట పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది అలాగే. సోమశిల గుళ్లు కూడా పై గట్టుకు చేరాయి. మునిగిన కుటుంబాలకు ఇంటికో ఉద్యోగం అంటూ 1986లో వచ్చిన 98 జీవో సంగతి కొల్లాపూర్ ప్రాంతంలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. "98 జీవో నిర్వాసితులు" అన్నది అక్కడ ఒక కులం పేరంత మామూలు మాటైపోయింది.

ఈ చెరువుకు సొంత ఋతువులున్నాయి. జూలై, ఆగస్టుల్లో పైన ఆలమట్టి, నారాయణపూర్, జూరాల నిండి వరద దిగుతుంది, అటునుంచి తుంగభద్ర కలుస్తుంది. గేట్లు ఎత్తారంటే మన జనం కార్లు కట్టుకొని చూడటానికి బయల్దేరతారు. దసరా దాటాక మట్టం దిగడం మొదలవుతుంది. కరెంటుకు, సాగుకు, తాగునీటికి తీసుకుంటూ పోగా కొన్నేళ్లు మే నాటికి మట్టం 820 అడుగుల కిందికి పోతుంది. అంటే ఏడాదిలో అరవై అడుగులకు పైగా ఎక్కి దిగే చెరువు ఇది. కింది మట్టానికి వచ్చినప్పుడు నది అవతల సప్తనదుల సంగమం దగ్గరి సంగమేశ్వరుడి గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. బురద కడిగి, కొన్ని నెలలు పూజ చేసుకొని, మళ్లీ వరద రాగానే దేవుణ్ని నీళ్లకు వదిలేస్తారు.

నిండిన చెరువును చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. దిగిన చెరువును చూసినవాళ్లు తక్కువ. జంతువులకు అసలు లెక్కకు వచ్చేది దిగిన చెరువే. ఇది బాగా అర్థం కావాలంటే ఒకసారి ఆఫ్రికా దాకా పోయి రావాలి.

జాంబెజి మీద మన చెరువుకు అక్క

జాంబియా, జింబాబ్వే దేశాల సరిహద్దులో జాంబెజి నది మీద కరీబా డ్యామ్ ఉంది. 1955లో మొదలుపెట్టి 1959లో ముగించారు. దాని వెనుక నిలిచే నీరు దాదాపు 180 ఘన కిలోమీటర్లు. మన లెక్కలో చెబితే 6 వేల టీఎంసీలకు పైన. మనుషులు కట్టిన జలాశయాల్లో నిలవలో అంతకంటే పెద్దది లేదు. అక్కడా నది ఒడ్డు మనుషులే మొదట లేచారు. టోంగా తెగవాళ్లు 57 వేల మంది. తమ నదిలో న్యామిన్యామి అనే దేవుడు ఉన్నాడని, పాము ఒళ్లు, చేప తల కలిగిన ఆ దేవుడు గోడ కట్టనివ్వడని వాళ్ల నమ్మకం. 1957లోను, 1958లోను వచ్చిన వరదలకు కట్టడం దెబ్బతింటే ఆ నమ్మకం ఇంకా బలపడింది.

నీళ్లు ఎక్కుతుంటే కొండలు దీవులయ్యాయి. దీవుల మీద జంతువులు చిక్కుకుపోయాయి. 1958 నుంచి 1964 దాకా రూపర్ట్ ఫోథర్‌గిల్ అనే అధికారి బృందం పడవలు, తాళ్లు, వలలతో ఆరు వేలకు పైగా జంతువులను ఒడ్డుకు చేర్చింది. బైబిలు కథలోని ఓడ గుర్తుకొచ్చి ఆ పనికి ఆపరేషన్ నోవా అని పేరు పెట్టారు. అలా చేర్చినవాటిలో చాలా భాగం వెళ్లింది దక్షిణ ఒడ్డున ఉన్న మటుసడోనా అడవికి. 1975లో అది జాతీయ పార్కు అయింది.

మటుసడోనాలో జరిగిన వింత ఏమిటంటే, అక్కడ చెరువుకూ కొండలకూ మధ్య వెడల్పైన చదును నేల ఉంది. జాంబెజి వరద ఎగువ మైదానాల్లో నెమ్మదిగా నడిచి వస్తుంది కాబట్టి వానలు ఆగిన నెలల తర్వాత, జూలై ప్రాంతంలో, చెరువు నిండుతుంది. అప్పటి నుంచి జనవరి దాకా మెల్లగా దిగుతుంది. దిగిన కొద్దీ తడి నేల బయటపడుతుంది, ఆ తడి మీద ఒక రకం గడ్డి పాకుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో లోపలి అడవి ఎండి గలగలలాడుతున్నప్పుడు ఒడ్డు మాత్రం పచ్చగా ఉంటుంది. అడవి దున్నలు, ఏనుగులు, ఇంపాలా జింకలు ఆ పచ్చదనం కోసం కొండ దిగి వస్తాయి. వాటి వెనుక సింహాలు వస్తాయి. మునిగి ఎండిపోయిన చెట్ల మోళ్లు నీళ్లలో ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి కొమ్మల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి, తెల్లతల చేపగద్దలు కూర్చుని అరుస్తుంటాయి. ఆఫ్రికా చెరువు ఒడ్డు పార్కు అనగానే కళ్ల ముందు కనబడే బొమ్మ ఇదే.

అంటే అక్కడ అడవికి అన్నం పెట్టేది చెరువు అంచు. నడి చెరువు నీరు దాహానికి మాత్రమే. అంచు మెల్లగా కదులుతూ, ఎండిన నెలల్లో గడ్డి పరుస్తూ పోతుంది కాబట్టి బతుకు నడుస్తుంది.

మనకు రెండు ఒడ్లు, రెండు తీర్లు

మన చెరువుకూ అంచు ఉంది, అదీ కదులుతుంది. మరి ఇక్కడ అలాంటి మందలు ఎందుకు కనబడవు? నల్లమలలో ఏనుగులు లేకపోవడం ఒక సంగతి. అసలు సంగతి ఒడ్డు వాలులో ఉంది.

శ్రీశైలం జలాశయానికి పై భాగం, అంటే సోమశిల, కొల్లాపూర్ వైపు, చదునుగా ఉంటుంది. అక్కడ నీళ్లు వెనక్కి పోతే మైళ్ల కొద్దీ ఒండ్రు నేల తేలుతుంది. మటుసడోనాలో ఏ నేల మీద దున్నలు మేస్తాయో, అలాంటి నేల మనకు ఇక్కడే ఉంది. అయితే అది మనుషులకు కావలసిన నేల. ఒకప్పుడు వాళ్లదే అయిన నేల కూడా. నీళ్లు తగ్గగానే మునక భూముల్లో పంట వేస్తారు, గొల్లలు గొర్ల మందలు తోలుకొస్తారు, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మత్స్యకారులు గుడిసెలు వేసుకుని పుట్టెల్లో తిరుగుతారు. చిన్న చేపపిల్లను కూడా వదలని అలివి వలల మీద స్థానిక జాలర్ల గోడు ప్రతి ఏడూ వినబడేదే.

కింది భాగం, ఈగలపెంట, దోమలపెంట వైపు, పూర్తిగా వేరు. అక్కడ అడవి ఉంది కాని ఒడ్డు లేదు. రాతిగోడ నేరుగా నీళ్లలోకి దిగుతుంది. మట్టం అరవై అడుగులు తగ్గితే తేలేది గడ్డి మొలిచే మట్టి కాదు, తెల్లటి చారలు పడ్డ బండ. కణితి అనే పెద్ద జింక ఆ గోడ దిగి నీళ్లు తాగి మళ్లీ ఎక్కాలంటే తాగిన నీళ్లు చెమటకే సరిపోతాయి. వాగులు కోసిన కొన్ని సందుల గుండా మాత్రం దారులున్నాయి. ఆ సందుల్లో దిగినవాటికి కృష్ణ దొరుకుతుంది.

నదిలోనే బతికే జీవాలకు ఈ లోయ బాగానే నచ్చింది. బండల మీద ఎండ కాచుకునే మొసళ్లు, గుంపుగా వేటాడే నీటికుక్కలు, చలికాలంలో వచ్చిపోయే చేపగద్దలు ఇక్కడివాళ్లు. నీటికుక్క అంటే కుక్క కాదు. బొచ్చు నున్నగా, తోక చప్పిడిగా ఉంటుంది. చేపను ముందుకాళ్లతో పట్టుకుని తల నుంచి మొదలుపెట్టి కరకర నములుతుంది. పులి కూడా ఈతకు వెనుకాడదు. పిల్లి జాతిలో నీళ్లంటే ఇంత ఇష్టపడేది తక్కువ. ఎండాకాలం మడుగు దొరికితే వెనుకభాగం నీళ్లలో పెట్టి గంటలు గంటలు కూర్చుంటుంది.

మటుసడోనాలో ఒకే చోట కలిసినవి మన దగ్గర విడిపోయాయి. చదును ఒడ్డు మనుషులకు పోయింది, నిటారు ఒడ్డు అడవికి మిగిలింది. తప్పు ఎవరిదీ కాదు. అందుకే అమ్రాబాద్ అడవి చెరువు పక్కనే ఉన్నా చెరువు మీద బతకదు.

మరి దేని మీద బతుకుతుంది?

దాచుకున్న వాన మీద.

వానాకాలంలో పీఠభూమి మీద పడిన నీరు మూడు దారుల్లో పోతుంది. కొంత వాగుల్లో పడి కిందికి దూకుతుంది. కొంత ఆకుల చెత్తలో ఆగి మట్టిలోకి ఇంకుతుంది. ఇంకొంత రాతి పలకల పగుళ్లలోకి జారిపోతుంది. ఈ మూడోది నెలల తరబడి రాతి పొట్టలో నడిచి, పలక తెగిన చోట, కొండ అంచున, ఊటగా బయటికి వస్తుంది. సలేశ్వరం చూడండి. చైత్ర పౌర్ణమికి, అంటే ఎండలు ముదిరే వేళకు, లింగమయ్య జాతర జరుగుతుంది. లోయలోకి దిగి చూస్తే పై నుంచి ధార పడుతూనే ఉంటుంది. ఆ నెలలో వానలు లేవు, వాగులు లేవు. ఆ నీళ్లు నిరుడు కురిసినవి. ఉమామహేశ్వరం కొండ చరియలో పడే నీటి చుక్కల సంగతీ ఇదే.

ఇవి కాక దొనలున్నాయి. రాతి బండ మీద సహజంగా ఏర్పడ్డ గుంతల్లో నిలిచే నీళ్లు అవి. వాగు ఎండిపోయాక ఇసుకలో చెయ్యెడు లోతు తవ్వితే ఊరే చెలమలున్నాయి. వాగు మలుపుల్లో నీడ పడే చోట ఆఖరుదాకా మిగిలే మడుగులున్నాయి. అడవి మనుగడంతా ఈ చిన్నచిన్న నీళ్ల మీదే నడుస్తుంది. నల్లమద్ది, ఏగిస, చిరుమాను, తపసి, వెదురు మార్చి నాటికి ఆకు రాల్చేది కూడా ఈ లెక్కతోనే. ఆకు ఉంటే నీరు ఆవిరై పోతుంది కాబట్టి చెట్టు తన ఖర్చు తాను తగ్గించుకుంటుంది.

జంతువుల్లో అందరి అవసరం ఒకటి కాదు. కణితికి రోజూ నీళ్లు కావాలి, బురద కూడా కావాలి. చుక్కల దుప్పి నీటికి దూరంగా పోదు. నాలుగు కొమ్ముల కొండగొర్రె కూడా నీటి దగ్గరే మసలుతుంది. మనుబోతు కొంత ఓర్చుకోగలదు.  మే నెలలో మడుగులు ఒక్కొక్కటే ఎండుతూ పోతే, నీళ్లు కావలసినవన్నీ మిగిలిన రెండు మూడు మడుగుల చుట్టూ చేరతాయి. పులికి, చిరుతకు, రేచుకుక్కలకు ఆ సంగతి తెలుసు. ఉచ్చులు పన్నేవాడికీ తెలుసు. కొందరు దుర్మార్గులైతే అలాంటి చోట నీళ్లలోనే విషం కలుపుతారు. నీళ్లు ఎక్కడా లేని గడ్డుకాలంలో, మిగిలిన ఒక్క మడుగే ఉరితాడు అవుతుంది. ఊళ్ల అంచుల్లోని పొలాల బోర్ల దగ్గరికి దుప్పులు వచ్చి కుక్కల పాలయ్యేది ఈ నెలల్లోనే.

పళ్లెం లాంటి తొట్టి

ట్యాంకర్ వెళ్లేది అందుకే. అటవీ శాఖవాళ్లు సాసర్ పిట్ అంటారు. టీ సాసర్ ఆకారంలో నేలలోకి దింపిన గుండ్రటి సిమెంటు పళ్లెం. అంచు నేలకు సమంగా ఉంటుంది. నాలుగైదు అడుగులు లోపలికి పోయినా మధ్యలో లోతు మోకాలి కిందే. ఇందులో ఆలోచన ఉంది. పశువుల తొట్టిలా నిలువు గోడలు కడితే కణితి తాగుతుంది, దాని పిల్ల తాగలేదు. తాగబోయి పడితే బయటికి రాలేదు. పళ్లెంలో అయితే నెమలి అంచున నిలబడి తాగుతుంది, ఉడుము పొట్టతో పాకి తాగుతుంది, తేనెటీగ కూడా తడి సిమెంటు మీద వాలి తాగుతుంది. మూషిక జింక అని కుందేలంత జీవి ఒకటుంది, దాదాపు మూడు కిలోల బరువే తూగుతుంది. హైదరాబాద్ జూలో పెంచిన వాటిని 2017 నుంచి ఈ అడవిలోకి వదిలారు. దానికి పళ్లెం లోతే ఎక్కువ.

తెల్లారగట్ల పళ్లెం అంచు చూస్తే రాత్రి లెక్క తెలిసిపోతుంది. తడి మట్టిలో దుప్పి గిట్టలు గుండె ఆకారంలో, అడవిపంది గిట్టలు వాటికంటే పొట్టిగా, ఎలుగుబంటి అడుగు మనిషి అడుగును పోలి. పక్కనే ఉప్పు గడ్డ పెడతారు. వేసవిలో ఉప్పు కూడా జంతువులకు కావాలి. ఎదురుగా చెట్టుకు కెమెరా కడతారు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకలా ఉండవు. కాబట్టి ఏ పులి వచ్చిందో ఫొటో చెబుతుంది. ట్యాంకర్ పోలేని చోట సోలార్ పంపు బిగించి బోరు నుంచి నింపుతున్నారు.

పొలానికీ అడవికీ తేడా ఉందన్నాను. పొలానికి ఎన్ని నీళ్లిస్తే అంత మంచిదనుకుంటాం. అడవికి అలా కాదు. దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కులో దశాబ్దాల పాటు బోర్లు వేసి, ప్రతి మూలా కుంటలు నింపారు. పొడి నేలల్లో రోన్ అనే అరుదైన జింకలు కొద్దిపాటి నీటితోనే బతికేవి. కొత్త నీళ్లు చూసి జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు ఆ నేలల్లోకి వచ్చాయి. వాటి వెంట సింహాలు వచ్చాయి. గడ్డి జీబ్రాల పాలైంది, రోన్ జింకలు సింహాల పాలయ్యాయి. వాటి సంఖ్య కుప్పకూలాక 1990ల్లో ఆ పార్కువాళ్లు చాలా బోర్లు వాళ్లే మూసేశారు. మనకూ పనికొచ్చే పాఠమిది. ఎక్కడ నీళ్లు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో, ఎన్ని రోజులు పెట్టాలో తెలిసి పెట్టాలి. అడవి సొంత దొనలు, చెలమలు బాగుంటే పళ్లేల అవసరమే తగ్గుతుంది. పూడిక తీసిన ఒక్క దొన పది ట్యాంకర్ల పెట్టు.

నీళ్ల చిరునామా తెలిసినవాళ్లు

ఏ దొన ఎక్కడుందో అందరికంటే ముందు నుంచి తెలిసినవాళ్లు చెంచులు. వాళ్ల గూడేలను పెంటలంటారు. అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల, కుడిచింతల బైలు. పెంట ఉందంటే దాని దగ్గర నీళ్లున్నట్టే. నిజాం కాలంలో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1940లో ఈ పెంటల్లో తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చు వేశాడు. ఆయన సిఫారసుతో 1942లో నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమి మీద దాదాపు లక్ష ఎకరాలను చెంచులకు ప్రత్యేక ప్రాంతంగా కేటాయించింది. ఆ తర్వాత 1978లో అభయారణ్యం, 1983లో పులుల రక్షిత ప్రాంతం వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్ పేరుతో వేరైంది.

ఇప్పుడు అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో గస్తీ తిరిగేవాళ్లలో, కెమెరాలు కట్టేవాళ్లలో చెంచు యువకులే ఎక్కువ. అడుగుజాడ చూసి పులి ఎప్పుడు పోయిందో, కడుపు నిండి పోయిందో, ఖాళీ కడుపుతో పోయిందో చెప్పగలరు. తేనె కోసం కొండ అంచు నుంచి తీగల నిచ్చెన దిగేటప్పుడు వాళ్ల కంటపడే ఊటలు ఏ మ్యాపులోనూ ఉండవు. అడవిలోంచి వాళ్లను బయటికి పంపాలా, ఉండనివ్వాలా అనే వాదన ఏళ్లుగా నడుస్తోంది. ఆ వాదనలో ఎటు మొగ్గినా ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. వాళ్లు కదిలితే ఆ నీళ్ల చిరునామాలు కూడా వాళ్లతోపాటే పోతాయి.

అడవి కింద నుంచి, అడవి మీద నుంచి

ఈ అడవి కింద నుంచి ఒక సొరంగం తవ్వుతున్నారు. శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లు. దోమలపెంట దగ్గర జలాశయంలో మొదలై పీఠభూమి అడుగు నుంచి మన్నెవారిపల్లి దగ్గర తేలాలి. మోటార్లు లేకుండా, వాలులోనే, ఫ్లోరైడుతో నడుములు వంగిన నల్లగొండ పల్లెలకు కృష్ణ నీళ్లు తీసుకుపోవాలన్నది ఉద్దేశం. పైన పులుల అడవి ఉండటంతో మధ్యలో ఎక్కడా దారి తెరవకుండా రెండు చివరల నుంచే యంత్రాలతో తొలుచుకుంటూ రావాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. కొండ పగుళ్లలో దాగిన నీళ్లు ఎంత బలమైనవో లోకమంతా చూసింది ఆ రోజుల్లోనే. బురద, ఊట నీళ్లు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. సలేశ్వరంలో భక్తుల నెత్తిన చినుకులుగా పడేవి అలాంటి నీళ్లే.

అంతకుముందు 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు నల్లమల చుట్టుపక్కల ఊళ్లన్నీ లేచాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అప్పటి నినాదాల్లో పులి ఉంది, చెంచు ఉన్నాడు. ఇంకొకటి కూడా ఉంది. ఆ రాళ్లను తొలిస్తే ఊటలు తెగుతాయి, ఊటల్లో కలిసేది కృష్ణలో కలుస్తుంది, కృష్ణలో కలిసింది మన కాల్వలోకి వస్తుంది.

ఈ ముడి ఇంకో వైపు నుంచి కూడా చూడొచ్చు. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు నిల్వ 308 టీఎంసీలు. పూడిక చేరి చేరి ఇప్పుడు 215 టీఎంసీల దగ్గర ఉంది. తొంభై టీఎంసీలకు పైగా చోటు మట్టి పాలైంది. ఆ మట్టి ఎక్కువగా ఎగువ నుంచి, చెట్టులేని నేలల నుంచి కొట్టుకొచ్చింది. అడవి ఉన్న చోట ఆకుల చెత్త, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. పీఠభూమి మీద ప్రతి వేసవీ అంటుకునే నిప్పు ఆ చెత్తను కాల్చేస్తే, మొదటి వానకే నల్లటి నీళ్లు కిందికి దూకుతాయి. కాబట్టి ఎవరో పారేసిన బీడీ ముక్కకూ, మన తూము దగ్గర అందే నీళ్లకూ లెక్క కలుస్తుంది. అడవి నీళ్లు కాపాడుతుందనే మాట పాఠాల్లో చదివి వదిలేస్తాం గాని, దానికి టీఎంసీల్లో లెక్క ఉంది.

రోడ్డు సంగతి కూడా చెప్పుకోవాలి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు, దోమలపెంట గేట్లు మూసేస్తారు. ఆలస్యమైన భక్తులు గేటు దగ్గర సిబ్బందితో గొడవ పడటం చూస్తుంటాం. కణితులు, దుప్పులు రోడ్డు దాటి నీళ్లకు పోయేది ఆ తొమ్మిది గంటల్లోనే. పగలు మనది, రాత్రి వాటిది అన్న ఒప్పందం అది. ఆ ఒప్పందం రాసినప్పుడు వాటి తరఫున సంతకం పెట్టినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, మాట నిలబెట్టుకోవాల్సింది మనమే.

బస్సు ఈగలపెంట మలుపులు తిరుగుతూ కిందికి దిగింది. ఎడమవైపు లోయలో కృష్ణ కనబడింది. బండ మీద తెల్లటి చార, ఆ చారకు చాలా కింద నీళ్లు. డ్యామ్ కింది వంతెన మీదికి రాగానే అవ్వ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. అందరిలాగే కిటికీలోంచి నదిలోకి విసిరి దండం పెట్టుకుంది. తర్వాత ఏం గుర్తొచ్చిందో, వెనక్కి తిరిగి మేం దిగి వచ్చిన కొండ వైపు చూసింది. అటు కూడా చేతులు జోడించింది.

"గా ట్యాంకర్ దినాం వస్తదా బిడ్డా?" అని అడిగింది.

"ఎండలున్నన్ని రోజులు వస్తది, అవ్వా."

"రావాలె" అంది.